పెరిగే పిల్లకి గిటారు

మే 3

బొత్తానికి ఎలక్ట్రిక్ గిటారు కావాలట.

మే 4

నిన్న ఒక్క వాక్యం రాసేసరికి యూనిఫారాల జనం వచ్చిపడ్డారు. బడి తెరిచేలోపు ఇక్కడి పిల్లల నిక్కర్లూ గౌన్లూ అన్నీ నా మెడకే చుట్టుకుంటాయి.

ఏడో పుట్టినరోజుకి ఏం కావాలమ్మా అని నా కూతుర్ని, అదే మా బొత్తాన్ని, అడిగాను. "వైరున్న గిటారు" అంది. వైరు లేనిది పనికిరాదా అంటే రాదంది. ఎందుకని అడిగితే భుజాలెగరేసి నా కొలతల టేపు చివర కొరకడం మొదలుపెట్టింది. పై పన్ను ఒకటి ఊగుతోంది దానికి, చేతికి ఏది దొరికినా నోట్లోకే పోతోంది. పెన్సిళ్ళు అయిపోయాయి, దారపు రీళ్ళు అయిపోయాయి, ఇప్పుడు టేపు. మొదటి అంగుళం మీద గాట్లు పడితే అందరి నడుములూ తప్పొస్తాయని కోప్పడ్డాను. మూతి ముడుచుకుని మిషను కింద కూర్చుంది.

వాళ్ళమ్మకి ఫోను చేశాను. మా ఒప్పందం ప్రకారం పిల్లకి బహుమతి ఒకటే ఉండాలి, అదీ ఇద్దరి తరఫునా. పోటీలు పడకూడదని ఆవిడే పెట్టింది ఆ షరతు.

"గిటార్ల షాపు మీ వీధిలోనే ఉందిగా. మీరు చూడండి. నాకు నచ్చితే సరే అంటాను" అంది.

ఒప్పందంలో రెండో సంగతి కూడా ఉంది. పుట్టినరోజు నాడు పిల్లని అడగాలి, బడి తెరిచాక వారమంతా ఎక్కడుంటావని. ఇక్కడ, నా కొట్టు వెనక ఇంట్లోనా, లేక ఆవిడ పనిచేసే పళ్ళ డాక్టరు గారి మేడ మీద గదిలోనా. ఇప్పటిలా సగం అక్కడా సగం ఇక్కడా అంటే పుస్తకాలొక ఇంట్లో, బూట్లొక ఇంట్లో ఉంటున్నాయి. పిల్ల ఏది చెబితే అది.

గిటారుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మే 6

గిటార్ల షాపుకి వెళ్ళాను. షాపాయన పొడుగాటి మనిషి. కుడి చేతికి గోళ్ళు పెంచి, ఎడమ చేతివి మొదలంటా కత్తిరించాడు. చొక్కా భుజం కుట్టు మోచేతి దగ్గరకి జారిపోయింది, ఎవరు కుట్టారో గాని.

మెళ్ళో టేపు ఎలాగూ ఉంది కదా అని ఒక గిటారు కొలతలు తీసుకున్నాను. భుజం, నడుం, పిరుదు, మెడ పొడుగు. దానికి అన్నీ ఉన్నాయి.

"కవరు కుడతారా సార్?"

"కొంటాను. పిల్లకి."

"ఎన్నేళ్ళు?"

చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి చిన్నదొకటి తెచ్చాడు. చిన్నపిల్లలకి మెడ పొట్టిగా ఉండాలట, చెయ్యి చివరిదాకా అందాలట. తీగలు సన్నగా ఉండాలట, లేకపోతే వేళ్ళు నొప్పెట్టి మర్నాటి నుంచి ముట్టుకోరట. ముఖ్యంగా తేలిగ్గా ఉండాలట. "దీంతో పాటు ఇంత స్పీకరు పెట్టె ఇస్తాను, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చు, పక్కింటివాళ్ళకి కూడా మంచిది" అన్నాడు.

"మరి రెండేళ్ళు పోతే?"

"అప్పుడు పెద్దది తీసుకుంటారు."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా బట్టలు కుడుతున్నాను, పెరిగే పిల్లకి సరిగ్గా సరిపోయేలా ఒక్కటి కూడా కుట్టలేదు. లోపల గుడ్డ వదలాలి. అంచు దగ్గర మడత ఉండాలి. వచ్చే ఏడు విప్పుకుంటారు, ఆపై ఏడు ఇంకో మడత విప్పుకుంటారు. నా చేతి బట్ట వేసుకున్న పిల్ల ఎవరైనా సరే మొదటి ఏడాది చేతులు కనపడకుండా తిరుగుతుంది. అది చూసే ఎవరి కుట్టో జనం గుర్తుపడతారు.

గిటారుకి మాత్రం మడత ఎందుకుండకూడదు?

మే 7

ఆవిడ ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు అన్నది ఇవాళ ఊరికే గుర్తొచ్చింది. "ఈ ఇంట్లో ఏదీ ఇవాళ్టికి సరిపోదండీ" అని. ఉన్నది ముగ్గురమైతే భోజనాల బల్లకి ఎనిమిది కుర్చీలేమిటంది. పెళ్ళికి నేను కుట్టిన జాకెట్టులో మూడంగుళాల గుడ్డ లోపల వదిలానని, అంటే తను లావవుతుందని ముందే లెక్కేసుకున్నానా అని కూడా అంది. జాకెట్టు సంగతి అన్నేళ్ళు మనసులో పెట్టుకుందని నాకేం తెలుసు.

ఆవిడ చేసేది పళ్ళ సెట్లు. నోట్లో ముద్ద పెట్టి అచ్చు తీసి, దానికి వెంట్రుకవాసి తేడా లేకుండా పళ్ళు కడుతుంది. కాస్త వదులైతే మాట్లాడుతుండగా సెట్టు ఊడి ఎదుటివాడి ఒళ్ళో పడుతుంది. "నేను చేసేది ఇవాళ్టి నోటికి" అంటుంది. అలాంటి మనిషికీ నాకూ సంబంధం కుదిర్చినవాళ్ళని అనాలి.

మే 9

బొత్తాన్ని షాపుకి తీసుకెళ్ళాను. ఆ చిన్న గిటారు మెళ్ళో వేసుకుని అద్దం ముందు నిలబడింది. చెయ్యి చివరిదాకా అందింది. నిలబడ్డ తీరు చూసి షాపాయన "అయిపోయింది సార్, ఇంక వేరేది చూపించక్కర్లేదు" అన్నాడు.

"నాన్నా, ఇదే" అంది బొత్తాం.

"బిగుతుగా ఉందమ్మా" అన్నాను.

"గిటారు బిగుతుగా ఎలా ఉంటుంది?"

షాపాయన నా వైపు చూశాడు, ఆయనకీ అదే అనుమానం. చంకలో పట్టేస్తోందని చెప్పి పిల్లని బయటికి తీసుకొచ్చేశాను. నా చెయ్యి పట్టుకోలేదు గానీ టేపు చివర పట్టుకుని నడిచింది.

మే 12

షాపాయన గోదాములో ఓ స్పీకరు పెట్టె ఉంది. ఎప్పుడో విడిపోయిన బ్యాండువాళ్ళు వదిలేసి పోయారట. బీరువాలో సగం ఉంటుంది. దాన్ని ఎవరూ కదిలించలేక అక్కడే ఉండిపోయిందని ఆయన చెప్పగానే నాకు నచ్చేసింది. శబ్దం గంభీరంగా ఉంటుందట.

నలుగురు కూలీలు తెచ్చారు. గుమ్మంలో పట్టలేదు. కిటికీ చట్రం ఊడదీసి లోపలికి దించాం. మా కటింగ్ మాస్టారు, ఆయన్ని నేను బాబాయ్ అంటాను, మా నాన్న కాలం నుంచీ ఈ కొట్లోనే కత్తెర పడుతున్నాడు, కళ్ళజోడు పైకి నెట్టి కాసేపు చూశాడు.

"దీన్ని పిల్ల వాళ్ళమ్మ దగ్గరికి ఎలా తీసుకెళ్తుందిరా అబ్బాయ్? ఆ మేడ మెట్లు ఇరుకు గదా."

"తీసుకెళ్ళక్కర్లేదు బాబాయ్. ఇక్కడే ఉంటుంది."

"పెట్టె ఇక్కడుంటే గిటారూ ఇక్కడే ఉండాలి."

"అవును మరి."

"గిటారు ఇక్కడుంటే..."

"ఆ తెల్ల చొక్కాలు ఎంతవరకొచ్చాయి బాబాయ్?" అన్నాను.

మే 13

శబ్దం కోసమే కొన్నాను.

మే 15

ఆవిడ చూడ్డానికొచ్చింది. చేతులకి ఇంకా గులాబీ రంగు మైనం అంటుకునే ఉంది. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇది పిల్లకా?"

"పెద్దదవుతుంది కదా."

"పిల్లా, పెట్టా?"

నేనేదో అన్నాను, ఆవిడ ఏదో అంది, నేను జాకెట్టు సంగతి ఎత్తాను, ఆవిడ కిటికీ సంగతి ఎత్తింది. గొంతులు పెరిగాయి. బాబాయ్ ఇస్త్రీపెట్టె పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు, వైరు కూడా పీక్కుని. చూస్తే బొత్తాం కనపడలేదు. మిషను కింద ఉంది, మిషను చెక్కకి పళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని. వేలితో చెక్క మీద టకటకా కొడుతోంది.

పన్ను సలుపుతోందేమో, పాపం.

మే 18

గిటారు కొన్నాను. షాపులో అన్నిటికంటే బరువైనది. ఒక్క దుంగలో చెక్కిందట, నల్లగా నిగనిగలాడుతోంది, రెండు కొమ్ములున్నాయి. "దీన్ని వాయించినాయన నడుం పట్టేసి అమ్మేశాడు సార్, ఆలోచించుకోండి" అన్నాడు షాపాయన. అబద్ధాలాడి అంటగట్టే రకం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను ఆలోచించలేదు.

మే 20

బొత్తాం మెళ్ళో వేసి చూశాను. పిల్ల కనపడలేదు. గిటారు కింద నుంచి రెండు కాళ్ళు మాత్రం కనపడ్డాయి.

దీనికి కంగారుపడితే నేను దర్జీనే కాదు. బట్ట ఒంటికి సరిపోకపోతే బట్ట మార్చాలి. గిటారుని కత్తిరించలేం. కాబట్టి ఒంటినే మార్చాలి.

మే 22

కోటు దాదాపు పూర్తయింది. నా భుజాల కొలతకి కుట్టాను. లోపల కాన్వాసు, దానిమీద దూది, మళ్ళీ కాన్వాసు. భుజాలకి ప్యాడ్లు ఒకదాని మీద ఒకటి. ముందు గిటారు బరువుకి తూగేలా వీపు వైపు జేబులు పెట్టి వాటిలో పాత ఇస్త్రీపెట్టె పలకలు వేశాను. పిల్ల మధ్యలో హాయిగా నిలబడుతుంది. పెరిగిన కొద్దీ దూది తీసేసుకుంటూ పోవచ్చు, ఎంతకాలమైనా వస్తుంది.

నా జీవితంలో ఇంత బాగా ఏదీ కుట్టలేదు. బాబాయ్ చూసి, "ఇందులో పిల్లకి దారెటు?" అని అడిగాడు.

మే 24

రాయాలి. నవ్వు ఆగక రెండుసార్లు పెన్ను కింద పెట్టాను.

ట్రయల్‌కి ఆవిణ్ణి కూడా రమ్మన్నాను, నా పనితనం చూస్తుందని. ఆవిడ వచ్చేలోపే తొడిగేద్దామని బొత్తాన్ని కోటులో దించి బొత్తాలు పెట్టాను. భుజాలు అద్భుతంగా వచ్చాయి. వాటి మధ్యన, కాలరు లోపల ఎక్కడో, నా కూతురి కళ్ళు. గిటారు తగిలించి చేతులు వదిలాను.

ఒక్క క్షణం నిలబడింది. తరవాత చాలా నెమ్మదిగా, గౌరవంగా, ముందుకి ఒరిగి బోర్లా పడింది. దూది కదా, చప్పుడు కూడా కాలేదు. గిటారు కింద, పిల్ల పైన. వెనక జేబుల్లో ఇనుముంది, లేవలేదు. కాళ్ళూ చేతులూ ఆడించింది గానీ కోటు కదల్లేదు. నేను బొత్తాలు విప్పుదామంటే అవన్నీ కింద వైపున్నాయి.

"అమ్మలూ, దెబ్బ తగిలిందా?"

నేల మీద పడుకుని కాలరులోకి తొంగిచూశాను. పిల్ల గిటారు పైకొమ్ముని పళ్ళతో కరిచి పట్టుకుని ఉంది. చెయ్యి ఎలాగో దూర్చి తీగ మీటుతోంది. పెట్టెకి వైరు పెట్టలేదు, బయటికి దోమ ఎగిరినంత చప్పుడు. దాని మొహం మాత్రం వెలిగిపోతోంది.

"వినపడుతోంది నాన్నా" అంది కొమ్ము వదలకుండా.

"ఏం వినపడుతోంది?"

"లోపల. చాలా పెద్దగా. నువ్వూ కరిచి చూడు."

అప్పుడే ఆవిడ వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిడ చూసినదేమిటంటే, నేల మీద దూది మనిషి ఒకడు బోర్లా పడున్నాడు, వాడి కాలరులో మొగుడి తల ఉంది. ఇంక నాకు మాటలు తప్పవనుకున్నాను. ఆవిడ గోడ పట్టుకుని కూలబడి నవ్వింది. ఈ ఇంట్లో ఆ నవ్వు విని ఎంత కాలమైందో.

ఇద్దరం కలిసి పిల్లని దొర్లించి బొత్తాలు విప్పాం. బయటికి లాగేసరికి పన్ను లేదు. కొమ్ము మీద ఉంది, చెక్కలో గుచ్చుకుని. బొత్తాం నాలిక పెట్టి ఖాళీ చూసుకుని, ఇంకో పక్క పళ్ళతో మళ్ళీ కరిచింది.

"ఎవరు నేర్పారే నీకు?" అంది వాళ్ళమ్మ.

"ఎవరూ నేర్పలేదు. ఎప్పుడో నీతో షాపు ముందు నుంచి వస్తుంటే ఒకన్న గిటారు కరిచి వాయించడం చూశా. వైరున్న గిటారుకి వైరు తీసేస్తే వేరేవాళ్ళకి వినపడదు. నాకు మాత్రం వినపడుతుంది."

"వేరేవాళ్ళకి వినపడితే ఏమమ్మా?" అన్నాను.

"మీరు పోట్లాడుకునేప్పుడు నేను మిషను కరుస్తా. అది ఒక్క టకటకే అంటుంది. ఇదైతే పాట వస్తుంది. అప్పుడు మీ మాటలు రావు."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. నాకు ఏడుపొచ్చింది. ఇంత కోటు కుట్టినవాణ్ణి, మిషను కింద పిల్ల ఏం చేస్తోందో వంగి చూడలేదు.

ఆవిడే ముందు వంగింది. చీర సర్దుకుని నేల మీద పడుకుని రెండో కొమ్ము కరిచింది. కళ్ళు పెద్దవయ్యాయి. నన్ను చేత్తో పిలిచింది. కొమ్ములు రెండే ఉన్నాయి, నేను గిటారు తలకాయ కరిచాను.

బొత్తాం మీటింది. దవడల్లోంచి తల నిండా మోగింది. బజారు చప్పుడు లేదు, పోట్లాట లేదు, ముగ్గురి తలల్లోనూ ఒకటే శబ్దం.

బాబాయ్ టీ పట్టుకుని వచ్చాడు. ముగ్గురం మూడు వైపుల నుంచీ గిటారుని కరిచి పడుకుని ఉన్నాం. ఆయన గ్లాసులు పెట్టె మీద పెట్టి, కిటికీ తెర వేసి, వెళ్ళిపోయాడు.

మే 25

గిటారు వెనక్కి ఇద్దామని ముగ్గురం వెళ్ళాం. షాపాయన గాట్లు చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఇవేమిటి సార్?"

"ఇవి నావి" అంది ఆవిడ, వేలితో చూపిస్తూ. "ఆ పక్కవి ఆయనవి, కింది పళ్ళు కాస్త వంకర. ఇది పాలపన్ను, పోయింది."

ఇంక తీసుకోడనుకున్నాను. ఆయన దాన్ని వెలుతురులో తిప్పితిప్పి చూశాడు. "కొరికేసిన గిటారంటే కుర్రాళ్ళు ఎగబడతారు" అని కిటికీలో అన్నిటికంటే ముందు తగిలించాడు. మేం చిన్నది తీసుకుని ఇంకా గుమ్మం దాటలేదు, ఒకడు లోపలికొచ్చి దాన్ని అడుగుతున్నాడు.

పెట్టె మాత్రం వెనక్కి తీసుకోనన్నాడు. దానికి ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

మే 28

అడిగాం.

ఎనిమిది కుర్చీల బల్ల దగ్గర, కేకు కోశాక. ఎవరు అడగాలో ముందు తేల్చుకోలేదు, ఇద్దరం ఒకేసారి అడిగాం. బొత్తాం ఒళ్ళో గిటారు పెట్టుకుని ఆలోచించింది. అంతసేపూ నేను బల్ల గుడ్డ అంచు చూస్తూ కూర్చున్నాను. నేనే కుట్టాను దాన్ని, నాలుగు పక్కలా నేలకి జీరాడుతుంది.

"బడి ఉన్నప్పుడు అమ్మ దగ్గర" అంది.

సరే అన్నాను. అనేసి, కోసిన కేకునే మళ్ళీ కోశాను.

"ఎందుకంటే అక్కడ బల్ల చిన్నది. ఇద్దరమే పడతాం, నువ్వు వచ్చినా కూర్చోడానికి చోటుండదు. ఇక్కడైతే బోల్డు కుర్చీలున్నాయి కదా. అందుకని సెలవలకి నేను అమ్మని కూడా ఇక్కడికే తీసుకొస్తా. గిటారు నేనే మోసుకొస్తాలే నాన్నా, అసలు బరువే లేదు."

ఆవిడ కుర్చీలకేసి చూసింది. ఈ కుర్చీలని ఇన్నేళ్ళుగా ఆవిడ తిట్టని తిట్టు లేదు. ఇవాళ ఖాళీదొకటి దగ్గరికి లాగి దాని మీద చేతిసంచి పెట్టింది.

మే 29

పెట్టె మీద బాబాయ్ ఇస్త్రీ చేస్తున్నాడు. ఎత్తు సరిగ్గా సరిపోయిందట.

మే 31

గిటారుతో పాటు షాపాయన ఇచ్చిన పట్టీ ప్లాస్టిక్కుది, పిల్ల మెడ ఒరుసుకుపోతుంది. నేనొకటి కుట్టాను. లోపల మెత్తటి లైనింగు, పైన నీలం కాన్వాసు, చివర ఒక బొత్తాం. భుజం మీది నుంచి తుంటి దాకా కొలత తీశాను. టేపు మొదటి అంగుళం మీద పళ్ళ గాట్లున్నాయి, వాటి పక్క నుంచి లెక్కేసుకున్నాను.

సాయంత్రం ఆవిడ పిల్లని తీసుకెళ్ళడానికొచ్చింది. పట్టీని చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ లోపలివైపు తిప్పి చూసింది. మడత కోసం వెతికింది. ఈ చివరా లేదు, ఆ చివరా లేదు. పొడుగు పెంచుకునే బక్కిలు కూడా లేదు.

"మర్చిపోయారా?" అంది.

"లేదు. ఇవాళ్టికి కుట్టాను."

"చలికాలానికల్లా బిగుతైపోతుంది. ఎదుగుతోంది కదా."

"అప్పుడు మళ్ళీ కొలత ఇవ్వాలి" అన్నాను. "ఎవరో ఒకరు తీసుకురావాలి దాన్ని."

ఆవిడ పట్టీని పిల్ల భుజానికి వేసి బొత్తాం పెట్టింది. ఎక్కడా వదులు లేదు, ఎక్కడా పట్టెయ్యలేదు. వేలు దూర్చి కూడా చూసింది.

"జాకెట్టు ఒకటి కుట్టాలి నాకు" అంది, పిల్ల జుట్టు సర్దుతూ, నాకేసి చూడకుండా. "తొందరేం లేదు. కొలతలకి ఎప్పుడు రమ్మంటారో చెప్పండి."

పాత కొలతలు నాకు నోటికొచ్చు. ఆ మాట అనకుండా నాలిక కరుచుకున్నాను.

"ఆదివారం రా" అన్నాను.